పాత మియాటాలో పవర్ స్టీరింగ్: చెడిపోకుండా చూసుకోవడం, చెడితే బాగుచేసుకోవడం

స్టీరింగ్ తిప్పగానే బానెట్ కిందనుంచి మూలుగు వినబడితే పంపు పోయిందని నిశ్చయించుకుని, కొత్త పంపు కొని బిగించి, నెల తిరగకముందే మళ్ళీ అదే మూలుగు విని తల పట్టుకునే యజమానులు చాలామంది ఉన్నారు. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్‌లో పంపు దానంతటది చెడిపోవడం అరుదు. గాలి, మురికి, తప్పుడు ఆయిల్, జారుతున్న బెల్టు దాన్ని చెడగొడతాయి. వాటిని అలాగే ఉంచి పంపు మారిస్తే కొత్త పంపుకూ పాతదాని గతే పడుతుంది. అందుచేత ఈ వ్యాసంలో విడిభాగాలు మార్చే పని కన్నా, ఆయిల్‌ను చూసి జబ్బును గుర్తుపట్టే పనికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఉదాహరణకు మాజ్డా ఎంఎక్స్-5ను, అంటే అమెరికాలో మియాటా అని పిలిచే చిన్న రెండు సీట్ల కారును తీసుకున్నాను. 1989లో వచ్చిన ఈ కారు 2016 నాటికి పది లక్షలకు పైగా తయారైంది. సరసమైన ధరకు పాతది దొరుకుతుంది కనుక సొంతంగా పానా పట్టుకోవాలని ముచ్చటపడే మనవాళ్ళకు ఇది మంచి బడి. 1989 నుంచి వచ్చిన మొదటి తరం, 1998 నుంచి వచ్చిన రెండవ తరం, 2005 నుంచి వచ్చిన మూడవ తరం కార్లలో పవర్ స్టీరింగ్ ఉంటే అది హైడ్రాలిక్ పద్ధతిదే. 2015లో మొదలైన నాలుగవ తరంలో విద్యుత్ మోటారు వచ్చింది. దాని సంగతి చివరలో వేరుగా చెబుతాను.

ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో తెలియకుండా జబ్బును వెతకడం కష్టం. ఇంజిన్ క్రాంక్ పుల్లీనుంచి బెల్టు పంపును తిప్పుతుంది. పంపు లోపలి రేకులు ఆయిల్ నిల్వ ఉండే డబ్బానుంచి ఆయిల్‌ను పీల్చి, అధిక పీడనంతో గట్టి గొట్టం ద్వారా స్టీరింగ్ ర్యాక్‌కు, అంటే ముందు చక్రాలను అటూ ఇటూ తిప్పే పళ్ళ కడ్డీకి పంపుతాయి. ర్యాక్ పైభాగంలో ఒక సన్నని మెలి కడ్డీ, దాని చుట్టూ ఒక వాల్వు ఉంటాయి. మీరు స్టీరింగ్ చక్రాన్ని తిప్పినప్పుడు టైర్ల ప్రతిఘటన వల్ల ఆ కడ్డీ కొద్దిగా మెలి తిరుగుతుంది, ఆ మెలి ఎటు ఉంటే అటువైపు వాల్వు తెరుచుకుంటుంది, ఆయిల్ ర్యాక్ లోపలి పిస్టన్‌ను అటే నెడుతుంది. పని ముగించిన ఆయిల్ తక్కువ పీడనం గల గొట్టం ద్వారా తిరిగి డబ్బాకు చేరుతుంది. చక్రాన్ని చివరిదాకా తిప్పి పట్టుకుంటే ఆయిల్‌కు పోయే దారి మూసుకుపోయి, పీడనం గరిష్ఠానికి, అంటే సుమారు 70 నుంచి 100 బార్ల వరకు పెరుగుతుంది, అదనపు పీడనాన్ని వదిలే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది, ఆయిల్ పంపులోనే సుడులు తిరుగుతూ వేడెక్కుతుంది. పార్కింగులో చక్రాన్ని చివరిదాకా తిప్పి అలాగే బిగపట్టవద్దని పెద్ద మెకానిక్కులు చెప్పడానికి కారణం ఇదే. చివరికి చేరాక వేలెడంత వెనక్కి వదిలితే చాలు.

ఇక ఆయిల్ పరీక్ష. మొదటి రెండు తరాల మియాటాలలో వాడేది ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే డెక్స్రాన్ రకం ఏటీఎఫ్. అది కొత్తగా ఉన్నప్పుడు చెర్రీ పండు రంగులో, పారదర్శకంగా ఉంటుంది. డబ్బా మూతకున్న కొలతపుల్లను తెల్లని గుడ్డమీద తుడిచి చూడండి. గోధుమ రంగుకు తిరిగితే వయసు మీరిందని, నల్లగా మారి మాడు వాసన వస్తే అతిగా వేడెక్కిందని, తళతళలాడే సన్నని రజను కనబడితే పంపు లోపల లోహం అరుగుతోందని అర్థం. గులాబీ రంగు నురగలా, పాలు కలిపినట్టుగా కనబడితే మాత్రం అందులో గాలి కలుస్తోంది. ఆ మూలుగుకు సర్వసాధారణమైన కారణం ఈ చివరిదే. ద్రవాన్ని నొక్కితే నొక్కుకోదు కాని బుడగ నొక్కుకుంటుంది కనుక, పంపు రేకుల మధ్య బుడగలు పగులుతూ ఆ శబ్దం చేస్తాయి, అదే క్రమంలో లోహాన్నీ కొరుకుతాయి.

గాలి ఎక్కడినుంచి వస్తుంది? ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆయిల్ కారుతున్న చోటే గాలి దూరుతుందని అనుకుంటారు. పీడనం ఉన్న గొట్టంలోనుంచి ఆయిల్ బయటికి వస్తుందే తప్ప గాలి లోపలికి పోదు. డబ్బానుంచి పంపుకు వెళ్ళే పీల్పు గొట్టంలో మాత్రం లోపలి పీడనం బయటికంటే తక్కువగా ఉంటుంది. ఆ గొట్టం పాతబడి గట్టిపడినా, దాని క్లిప్పు పట్టు సడలినా, పంపు మెడ దగ్గరి ఓ-రింగు (గుండ్రని రబ్బరు సీలు) ఎండిపోయినా, బయటికి ఒక్క చుక్క కారకుండానే లోపలికి గాలి పోతుంది. నా కారు విషయంలో ఒక వర్క్‌షాపువారు పంపు, ర్యాక్ రెండూ మార్చాలని చెప్పారు. ఆ సాయంత్రం గ్యారేజీలో లైటు పెట్టి చూస్తే పీల్పు గొట్టం చివర వెంట్రుకవాసి పగులు కనిపించింది. గొట్టం చివర అంగుళం కోసేసి, స్ప్రింగు క్లిప్పు స్థానంలో మరచుట్టు క్లిప్పు వేసి, గాలి తీశాక మూలుగు ఆగింది.

శబ్దాలలో తేడాను కూడా చెవికి అలవాటు చేసుకోవాలి. ఇంజిన్ వేగంతో పాటు హెచ్చుతగ్గులయ్యే మూలుగు పంపుది. చక్రాన్ని గట్టిగా తిప్పినప్పుడు మాత్రమే వచ్చి, వదలగానే ఆగే కీచుమనే అరుపు బెల్టుది. చక్రాన్ని చివరిదాకా తిప్పినప్పుడు వచ్చే సన్నని బుసబుస శబ్దం రిలీఫ్ వాల్వుది, అది మామూలే. గతుకుల మీద టకటకమంటే ఆయిల్‌తో సంబంధం లేదు, ర్యాక్‌ను ముందు చక్రాలకు కలిపే టై రాడ్ కీలో, ర్యాక్‌ను పట్టి ఉంచే రబ్బరు బుష్షో అరిగి ఉంటుంది. స్టీరింగ్ రెండు వైపులా సమానంగా బరువైతే పంపు, బెల్టు, ఆయిల్ వైపు చూడాలి. ఒక్క వైపే బరువైతే ర్యాక్ వాల్వునో పిస్టన్ సీలునో అనుమానించాలి. అన్నిటికంటే ముందు టైర్లలో గాలి చూడండి. మొదటి తరం మియాటాకు కంపెనీ చెప్పిన గాలి 26 పీఎస్ఐ. అది 18కి పడిపోయి, దానికితోడు అసలు 185 మిల్లీమీటర్ల వెడల్పు టైర్ల స్థానంలో వెడల్పైనవి, అసలు స్టీరింగ్ చక్రం స్థానంలో చిన్న వ్యాసం గల స్పోర్ట్స్ చక్రం వేసుకుని ఉంటే, ఏ పంపూ చెడకుండానే స్టీరింగ్ బరువెక్కుతుంది.

బెల్టు పని చిన్నదే. మొదటి రెండు తరాల్లో పవర్ స్టీరింగ్ పంపునూ ఏసీ కంప్రెసర్‌నూ ఒకే బెల్టు తిప్పుతుంది, ఆల్టర్నేటర్‌కూ నీటి పంపుకూ వేరే బెల్టు ఉంటుంది. బెల్టు పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో సుమారు 10 కిలోల బలంతో నొక్కితే 8 నుంచి 10 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. అంతకన్నా ఎక్కువ పోతే పంపు బిగింపు బోల్టులు వదులు చేసి, సర్దుబాటు బోల్టు తిప్పి బిగువు సరిచేయాలి. అతిగా బిగిస్తే పంపు బేరింగు, దాని ముందరి సీలు త్వరగా పోతాయి కనుక అరుపు ఆగేదాకా బిగిద్దామనే పద్ధతి పనికిరాదు. ఆయిల్ పడి తడిసిన బెల్టును తుడిచి వాడవద్దు, మార్చండి. ప్రయాణంలో ఈ బెల్టు తెగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, ఏసీ ఆగుతుంది, కాని ఇంజిన్ చల్లబడడానికి ఇబ్బంది ఉండదు, నెమ్మదిగా ఇంటికి రావచ్చు. అన్నిటినీ ఒకే పొడవాటి బెల్టుతో తిప్పే కార్లలో ఆ వెసులుబాటు లేదు. అక్కడ బెల్టు తెగితే నీటి పంపు కూడా ఆగుతుంది కనుక వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి.

స్టీరింగ్ సాయం ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు కారు అదుపు తప్పుతుందన్న భయం చాలామందికి ఉంది. చక్రానికీ టైర్లకూ మధ్య ఉన్న యాంత్రిక సంబంధం అలాగే ఉంటుంది, కారు తిరుగుతుంది, కాని బలం చాలా ఎక్కువ కావాలి. మియాటాలో పవర్ ర్యాక్ పళ్ళ నిష్పత్తి సాయం లేని ర్యాక్ కన్నా చురుకైనది కనుక, సాయం పోయిన పవర్ ర్యాక్ మామూలు స్టీరింగ్ కన్నా బరువుగా ఉంటుంది. మలుపు మధ్యలో ఇది జరిగితే చేతుల పట్టు సడలించకుండా, యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా వదిలి, వేగం తగ్గాక పక్కకు తీయాలి.

ఆయిల్ మార్చి గాలి తీయడం

ఇంటి దగ్గర సొంతంగా చేసుకోగల పనులన్నిటిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, తొందరపడితే ఎక్కువగా చెడేదీ ఇదే. కంపెనీ పట్టికలో ఈ ఆయిల్ మార్పుకు గడువు లేదన్న కారణంగా ముప్పై ఏళ్ళ కార్లు మొదటి ఆయిల్‌తోనే తిరుగుతుంటాయి. నా లెక్క ప్రకారం రెండు మూడేళ్ళకు ఒకసారి, రేసు ట్రాక్ మీద నడిపే కారుకు ఏడాదికి ఒకసారి మార్చడం మంచిది. రెండు లీటర్ల ఏటీఎఫ్ తెచ్చుకోండి. వ్యవస్థలో పట్టేది అంతకన్నా చాలా తక్కువే అయినా, పాతదంతా తోసేయడానికి అదనంగా కావాలి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, చదునైన నేల మీద, వెనుక చక్రాలకు ఆపులు పెట్టి, ముందు క్రాస్‌మెంబర్ (కారు కింది అడ్డ దూలం) కింద జాకీ పెట్టి లేపి, రెండు వైపులా స్టాండ్లు వేయండి. ఒక్క జాకీ మీద నిలబెట్టిన కారు కింద ఎంత చిన్న పనికైనా దూరవద్దు. డబ్బాలోని పాత ఆయిల్‌ను పెద్ద సిరంజితో తోడేయండి. డబ్బా అడుగున జల్లెడ ఉంటే అందులోని బురద కడగండి, అది పూడుకుపోయినా పంపు ఆయిల్ అందక మూలుగుతుంది. తిరుగు గొట్టాన్ని డబ్బానుంచి ఊడదీసి, ఆ చివరను పాత సీసాలో పెట్టి, డబ్బాకు మిగిలిన ఖాళీ ముక్కును రబ్బరు మూతతో మూయండి. ఇప్పుడు డబ్బా నింపి, తాళం చెవిని స్టీరింగ్ లాక్ విడిపోయే స్థానం వరకు మాత్రమే తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చక్రాన్ని ఈ చివరనుంచి ఆ చివరకు నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. ర్యాక్ పిస్టన్ పాత ఆయిల్‌ను సీసాలోకి తోస్తుంది. ఒకరు చక్రం తిప్పుతూ ఉంటే మరొకరు డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తూ ఉండాలి. ఇంట్లో ఇద్దరికీ ఓపిక ఉన్న రోజు చూసి మొదలుపెట్టడం క్షేమం.

ఇంజిన్ నడుపుతూ ఆయిల్ మార్చితే అరనిమిషంలో అయిపోతుందని కొందరు చెబుతారు. అయిపోయే మాట నిజమే కాని, డబ్బా కళ్ళముందే ఖాళీ అయి, పంపు ఎండగా తిరిగి, బాగున్నదాన్ని చేతులారా పాడుచేసుకున్నట్టు అవుతుంది. నేను ఆ పద్ధతి జోలికి పోను.

సీసాలోకి ఎర్రని శుభ్రమైన ఆయిల్ రావడం మొదలయ్యాక తిరుగు గొట్టాన్ని మళ్ళీ బిగించి, గుర్తు వరకు నింపండి. ముందు చక్రాలు గాలిలోనే ఉండగా, ఇంజిన్ ఆపివుండగానే, స్టీరింగ్ చక్రాన్ని చివరలనుంచి చివరలకు ఇరవై ముప్పై సార్లు తిప్పండి. ప్రతి అయిదారు తిప్పులకూ ఆగి మట్టం చూసి, తగ్గితే పోయండి. మట్టం తగ్గడం ఆగి, డబ్బాలోకి బుడగలు రావడం మానాక ఇంజిన్ స్టార్ట్ చేసి, తక్కువ వేగం మీదనే ఉంచి, మళ్ళీ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. చివర పట్టి ఉంచవద్దు. ఆయిల్ నురగ కట్టినట్టు కనబడితే ఇంజిన్ ఆపి, గంటసేపు వదిలేస్తే సన్న బుడగలు వాటంతటవే పైకి తేలుతాయి. ఆ గంట ఓపిక పట్టలేక ఇంజిన్‌ను రేపుతూ పోతే బుడగలు మరింత సన్నబడి ఆయిల్‌లో కలిసిపోతాయి. చివరగా కారును దించి, కొద్ది దూరం నడిపి, ఆయిల్ వెచ్చబడ్డాక వేడి గుర్తు దగ్గర మట్టం సరిచూడండి. అధికంగా నింపితే వేడికి ఉబ్బి మూత దగ్గర పొంగుతుంది.

ఏ ఆయిల్ పోయాలన్న విషయంలో స్నేహితుల మాట కన్నా డబ్బా మూతమీది రాతనే నమ్మండి. మియాటాకు ఏటీఎఫ్ సరిపోయింది కదా అని 996 తరం పోర్షె 911లో పోయకూడదు. దానికి పెంటోసిన్ సీహెచ్ఎఫ్ రకం ఆకుపచ్చ హైడ్రాలిక్ ఆయిల్ కావాలి. బీఎండబ్ల్యూలలో కొన్నిటికి ఏటీఎఫ్, కొన్నిటికి సీహెచ్ఎఫ్ చెప్పారు. బ్రేక్ ఆయిల్ మాత్రం పొరబాటున చెంచాడు పడినా ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మొత్తం తీసి కడగాలి, లేదంటే ఏటీఎఫ్‌కు తగిన రబ్బరు సీళ్ళు దానిలో ఉబ్బి మెత్తబడతాయి. కారుడు ఆపుతామని చెప్పి అమ్మే మందులు కూడా ఇలాగే రబ్బరును ఉబ్బించి పని చేస్తాయి. అమ్మేయబోయే కారులో వాటిని పోసేవారు ఉంటారని తెలిసి, కొనేటప్పుడు జాగ్రత్తగా చూసుకోవాలి.

కారు ఎక్కడ కారుతోంది

వ్యవస్థ మూసి ఉన్నది కనుక మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ముందుగా పంపు, గొట్టాలు, ర్యాక్ చుట్టూ జిడ్డు వదిలించే మందుతో కడిగి ఆరనిచ్చి, ఒకటి రెండు రోజులు నడిపి, రాత్రి కింద అట్ట పరిచి చూడండి. చుక్క ఎర్రగా ఉంటే ఏటీఎఫ్. అయితే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న మియాటాలో అక్కడా ఎర్రని ఆయిలే ఉంటుంది కనుక, చుక్క పడిన చోటు ముందువైపా, మధ్యలోనా అన్నది చూడాలి. కారిన ఆయిల్ గాలికి వెనక్కి పాకుతుంది కాబట్టి తడిలో అన్నిటికన్నా పైనున్న, ముందున్న చోటునే మూలంగా తీసుకోండి. ఇంజిన్ నడుస్తుండగా అధిక పీడనపు గొట్టం మీద చేత్తో తడిమి వెతకవద్దు. సూదిమొన రంధ్రంనుంచి చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోగలదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డు మీద పడితే అంటుకోగలదు కూడా.

పీడన గొట్టం పంపును కలిసే చోట బాంజో బోల్టు (లోపలినుంచి ఆయిల్ పారే బోలు బోల్టు) ఉంటే, దాని రెండు వైపులా ఉండే మెత్తని లోహపు వాషర్లు ఒక్కసారికే పనికొస్తాయి, విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. లోహపు గొట్టాల నట్లను మామూలు స్పానర్‌తో పడితే మూలలు అరిగి గుండ్రబడతాయి కనుక ఫ్లేర్ నట్ స్పానర్ వాడండి. పీడన గొట్టం ఉబ్బినా, చెమ్మగిల్లినా కొత్తది వేయడం తప్ప క్లిప్పులతో అతుకు వేసే పని పెట్టుకోవద్దు. పంపు ముందరి సీలు పోతే పుల్లీ వెనుక తడి కనబడుతుంది, ఓ-రింగులు, సీలు కలిపి అమ్మే కిట్టుతో దాన్ని బాగుచేయవచ్చు, కాని విప్పేటప్పుడు రేకుల వరుసనూ అవి ఎటు తిరిగి ఉన్నాయో కూడా ఫొటో తీసి పెట్టుకోవాలి. షాఫ్టు మీద వేలిగోరుకు తగిలేంత గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా నిలవదు, అప్పుడు పంపు మార్చాలి. మార్చేముందు పైన చెప్పిన పద్ధతిలో పాత లోహపు రజనంతా కడిగేయాలి.

ర్యాక్ సీలు పోతే చాలాకాలం బయటికి తెలియదు. ఆయిల్ ముందు ర్యాక్ చివరలనున్న మడతల రబ్బరు బూటులో చేరుతుంది. బూటును వేళ్ళతో నొక్కి చూడండి, లోపల నీరు నింపిన సంచిలా ఆడితే చిన్న క్లిప్పు వదులు చేసి అంచు లేపండి. కొంచెం గ్రీజు ఉండడం సహజం, ఆయిల్ ధారగా కారితే సీలు పోయింది. ర్యాక్‌ను విప్పి సీళ్ళు వేయడానికి ప్రత్యేక సాధనాలు కావాలి కనుక బాగుచేసిన ర్యాక్ కొని బిగించడమే మేలని నా అభిప్రాయం. టై రాడ్ కొసలు విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టుకుని అన్నే చుట్లు బిగిస్తే వీల్ అలైన్‌మెంట్ దుకాణం వరకు కారు తిన్నగా పోతుంది. ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో ర్యాక్‌నుంచి స్టీరింగ్ కడ్డీని విడదీసే ముందు స్టీరింగ్ చక్రాన్ని తిన్నగా పెట్టి తాళం వేయాలి. లేకపోతే చక్రం కింద ఉండి ఎయిర్‌బ్యాగుకు కరెంటు అందించే చుట్ట తీగ అదుపు లేకుండా తిరిగి, తర్వాత మొదటి మలుపులోనే తెగుతుంది.

ట్రాక్ మీద, ఆటోక్రాస్‌లో (శంకువుల మధ్య మెలికలు తిరిగే పోటీలో) నడిపే కారు సంగతి వేరు. అక్కడ ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దాటి తిరుగుతుండగా చక్రాన్ని నిమిషానికి ఎన్నోసార్లు అటూ ఇటూ విసురుతారు. ఆయిల్ ఉడికి, మూత సందులోంచి పొంగి, పొగ వస్తుంది. తిరుగు గొట్టంలో చిన్న కూలర్ పెట్టడం, మట్టాన్ని గుర్తుకు మించనీయకపోవడం, మూత చుట్టూ పాత గుడ్డ కట్టడం, ఈ మూడూ చవకైన ఉపాయాలు. పవర్ స్టీరింగ్ అసలే వద్దనుకుని పంపు తీసేసి, ర్యాక్ గొట్టాలు రెండిటినీ ఒకదానికొకటి కలిపేసేవారు ఉన్నారు. అలా చేస్తే ర్యాక్ పిస్టన్ ప్రతి తిప్పుకూ మిగిలిన ఆయిల్‌ను గొట్టంలో నెడుతూ, మెలి కడ్డీ దగ్గర మెత్తని ఆట మిగిలి, స్టీరింగ్ బంకగా తోస్తుంది. తీయదలిస్తే ర్యాక్ విప్పి పిస్టన్ సీలు తొలగించి, మెలి కడ్డీ కదలకుండా బిగింపజేసి, గ్రీజు పట్టించాలి, లేదా సాయం లేని ర్యాక్‌నే తెచ్చి వేయాలి.

విద్యుత్ స్టీరింగ్ ఉన్న 2015 తర్వాతి మియాటాలో ఆయిల్, బెల్టు, గొట్టాలు ఉండవు. ఇలాంటి ఏర్పాటు హోండా ఎస్2000లో 1999లోనే వచ్చింది, 2011లో వచ్చిన 991 తరం పోర్షె 911 కూడా దానికే మారింది. ఇక్కడ అనుమానం మొదట బ్యాటరీ మీద ఉండాలి. మోటారు పెద్ద కరెంటు లాగుతుంది కనుక, బ్యాటరీ నీరసించినా, దాని టెర్మినళ్ళ మీద తెల్లని బూజు పట్టినా, ఎర్త్ తీగ సడలినా, స్టార్ట్ చేయగానే స్టీరింగ్ దీపం వెలిగి సాయం ఆగుతుంది. నిలిచిన కారులో చక్రాన్ని పదేపదే చివరిదాకా తిప్పితే మోటారు వేడిని చూసి కంప్యూటరే సాయం తగ్గిస్తుంది, కొద్దిసేపు వదిలితే తిరిగి వస్తుంది. దీన్ని చెడిపోవడంగా భావించి ర్యాక్ మార్పించుకోవద్దు. దీపం అలాగే ఉంటే కంప్యూటర్ నమోదు చేసిన లోపపు కోడ్ చదవాలి, అయితే చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లనే చదువుతాయి, స్టీరింగ్ కోడ్‌లు సీ లేదా యూ అక్షరంతో మొదలవుతాయి కనుక వాటిని చదవగలదని చూసి స్కానర్ కొనండి. అలైన్‌మెంట్ చేయించాక, బ్యాటరీ తీసి పెట్టాక, కార్లను బట్టి స్టీరింగ్ కోణపు సెన్సార్‌కు సున్నా స్థానం మళ్ళీ నేర్పవలసి వస్తుంది. చక్రాన్ని తిప్పే బలాన్ని కొలిచే టార్క్ సెన్సార్ తీగలను కోసి అతకడం, కనెక్టర్లను నీటి జెట్‌తో కడగడం రెండూ వద్దు, ఆ సెన్సార్ పంపే తప్పుడు సంకేతాన్ని నమ్మి మోటారు తనంతట తాను ఒక వైపుకు లాగే ప్రమాదం ఉంది.